నంబరు లేని సిస్టర్

మూడో రోజు పొద్దున కూడా ఎల్లవ్వ కోడలితో మాట్లాడలేదు. కుక్కరుతో మాట్లాడింది.

"నువ్వన్న మంచిదానివే తల్లీ. నాలుగు కూతలు కూసి ఊకుంటవు. కొందరైతే ఊ అనరు, ఆ అనరు. ఒక్క కాగితం అడిగితే కోర్టుల జడ్జి లెక్క మొహం పెడ్తరు."

సూరత్ నగరం నవాగామ్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో వంటింటికి తలుపు లేదు. ఎవరు ఎవరితో మాట్లాడినా అందరికీ వినపడుతుంది. మధులత అద్దం ముందు నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. పళ్ళ మధ్య పిన్నులున్నాయి కాబట్టి జవాబు రాలేదనుకోవడానికి లేదు. మూడు రోజులుగా పిన్నులు లేనప్పుడు కూడా రాలేదు.

ఇద్దరి మధ్యా సంపత్ పళ్ళు తోముకుంటూ నిలబడ్డాడు.

"అరే సంపతూ, మీ ఆమెను అడుగు. డబ్బాల చపాతీలు పెట్టాల్నా, అన్నం పెట్టాల్నా?"

సంపత్ నోటి నిండా నురగతో భార్య వైపు తిరిగాడు. "మధూ, చపాతీనా, అన్నమా?"

"చపాతీ అని చెప్పు."

"అమ్మా, చపాతీ అంట."

"విన్న. నాకు చెవులున్నయి."

మాటలు లేవు గానీ మిగతావన్నీ సక్రమంగానే నడుస్తున్నాయి. ఎల్లవ్వ ఒక్క రోజు కూడా కోడలి టిఫిన్ డబ్బా కట్టడం మానలేదు. మధులత ఒక్క పూట కూడా అత్త కంచం పక్కన బీపీ గోలీ పెట్టడం మానలేదు. గోలీ పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. ఎల్లవ్వ దాన్ని ఎవరో పడేసుకున్న వస్తువులా చూసి, ఆ తర్వాత మింగేది.

అప్పుడే సోమలింగం వచ్చాడు. పాండేసరలో రంగుల మిల్లులో రాత్రి షిఫ్టు దిగి సైకిలు మీద వచ్చాడు. గోళ్ళన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. సైకిలు గోడకు ఆనించి కొడుకు చెవిలో అడిగాడు.

"ఇయ్యాలన్న మాట్లాడుకున్నరా?"

"నహీ నాన్నా. కల్ దేఖేంగే."

"అయితే నేను పండుకుంట."

"ఛాయ్ తాగి పండు," అంది ఎల్లవ్వ లోపలి నుంచి. "గుసగుసలు వినిపిస్తున్నయి నాకు."

సంపత్ నోరు కడుక్కుని, ఎలాగైనా ఈ రోజు తేల్చేయాలన్న ధైర్యంతో తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"అమ్మా, సీదా సీదా చెప్త. మీ దవాఖాన డాక్టర్ సారుకు ఫోన్ చేసి అయితలేదని చెప్పు. ఖతం. ఈ లొల్లి నాతోని అయితలేదు."

"ఎట్ల చెప్పుదు? మాట ఇచ్చిన."

"ఎవరిని అడిగి ఇచ్చినవ్ అత్తమ్మా?"

మూడు రోజుల్లో మధులత అత్తతో నేరుగా అన్న మొదటి మాట అది. సోమలింగం ఛాయ్ గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఆగిపోయాడు.

ఎల్లవ్వ గరిటె కింద పెట్టి గదిలోకి వచ్చింది. "అడగాల్నా? ఇంట్ల మనిషివి అనుకున్న. కిడ్నీ అడిగిన్నా నిన్ను? నీ సర్టిఫికేట్ జిరాక్సు అడిగిన. శుక్రవారం తనిఖీకి వస్తరంట. ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కొత్త చట్టం అంట. నంబరున్న నర్సు లేకపోతే దవాఖానకు తాళం ఏస్తరంట. అండ్ల ఆయాలు నలుగురున్నరు, వాచ్‌మన్ ఉన్నడు, నేనున్న. గింత మంది పొట్టలు. నీ పేరు జర కాగితం మీద ఉంటే నీ సొమ్మేం పోతది?"

"కాగితం మీద పేరు గాదు అత్తమ్మా, నర్సుల కౌన్సిల్ ఇచ్చిన నా నంబరు." మధులత పిన్నులు చేతిలోకి తీసుకుంది. "శుక్రవారం వచ్చేటోళ్ళు నా నంబరు రాసుకుంటరు. మధులత అనే నర్సు ఈడ డ్యూటీ చేస్తున్నదనుకుంటరు. నేనేమో ఆ టైముల రింగ్ రోడ్డు దవాఖానల ఉంట. ఒక్క నంబరు రెండు జాగల దొరికితే రెండు నౌకర్లు పోతయి, నంబరు గూడ పోతది. అది గూడ వదిలెయ్. రేపు ఓ బాలింతకు ఏమన్న అయితే? నేను లేని చోట నా పేరు ఏం చేస్తది?"

"ఏం గాదు. నేనుంట గద."

"అదే గదా నా భయం."

అనేసింది. అన్న తర్వాత మాట ఎక్కడికి వెళ్ళిందో అందరికీ కనిపించింది.

ఎల్లవ్వ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళింది. కుక్కరు సరిగ్గా అప్పుడే కూత ఆపింది.

"అత్తమ్మా, నేను గట్ల కాదు..."

"బస్సు పోతది నీకు."

మధులత చెప్పులు వేసుకుని, వెళ్ళిపోయింది. సంపత్ ఆమె వెనకే పరిగెత్తాడు. వాళ్ళు సందు మలుపు దాటాక ఎల్లవ్వ చూసింది. టిఫిన్ డబ్బా గట్టు మీదే ఉంది.

పెళ్ళయి వచ్చిన మూడేళ్ళలో కోడలు డబ్బా వదిలి వెళ్ళడం అదే మొదటిసారి.

*

సోమలింగం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎల్లవ్వ ఇనుప బీరువా తెరిచింది.

కోడలి చీరల కింద నీలం ప్లాస్టిక్ ఫైలు ఉంది. దానికి తాళం లేదు. ఈ ఇంట్లో ఎవరి వస్తువుకూ ఎవరూ తాళం వేసుకోరు. ఆ సంగతి గుర్తొచ్చి ఎల్లవ్వ చెయ్యి ఒకసారి ఆగింది. 'అదే గదా నా భయం' అన్న మాట గుర్తొచ్చి మళ్ళీ కదిలింది.

ఇరవై నాలుగేళ్ళు. డాక్టర్ రామమోహనరావు ప్రసూతి ఆసుపత్రిలో నేల తుడవడానికి చేరిన మనిషి. ఆయనే సూది పట్టడం నేర్పాడు, బీపీ చూడడం నేర్పాడు, బిడ్డ తల కనిపించగానే చెయ్యి ఎక్కడ పెట్టాలో నేర్పాడు. తాపీ నదికి వరదొచ్చిన ఏడాది డాక్టరు అడాజన్‌లో నీళ్ళ మధ్య చిక్కుకుపోతే, ఒక్క రోజులో రెండు కాన్పులు ఒంటరిగా చేసింది. ఇప్పుడా పిల్లలిద్దరూ కనిపిస్తే 'సిస్టర్‌బెన్', అంటే నర్సక్కా, అని కాళ్ళకు మొక్కుతారు. నవాగామ్ నుంచి డిండోలీ దాకా ఏ సందులోకి వెళ్ళినా ఆమెకు ఛాయ్ ఇవ్వని ఇల్లు లేదు.

ఆమెను చూసి భయమట!

ఫైలు బరువుగా ఉంది. సర్టిఫికేట్ పైనే ఉంటుందనుకుంది గానీ పైన వేరే కాగితాలు చాలా ఉన్నాయి. ఇంగ్లీషు రాదు గానీ ముద్రలు గుర్తుపడుతుంది. హైదరాబాద్ కౌన్సిల్ ముద్ర. గుజరాత్ కౌన్సిల్ ముద్ర. కొరియర్ రసీదులు. ఒకే ఫారం మూడుసార్లు నింపినవి, రెండింటి మీద ఎర్ర గీతలు. ఒక ఫొటోలో కోడలు మరీ చిన్నపిల్లలా ఉంది. అది కరీంనగర్‌లో నర్సింగ్ చదివేటప్పటిది.

పెళ్ళయి వచ్చిన కొత్తలో మధులత ఏడు నెలలు ఇంట్లోనే కూర్చుంది. అక్కడి నంబరు ఇక్కడ చెల్లదన్నారు. అక్కడి నుంచి అభ్యంతరం లేదని కాగితం రావాలన్నారు. కాగితం వస్తే స్పెల్లింగ్ తప్పన్నారు. ఆ పిల్ల రైలెక్కి హైదరాబాద్ రెండుసార్లు వెళ్ళొచ్చింది. ఒకరిద్దరు ఆసుపత్రివాళ్ళు 'నంబరు తర్వాత చూద్దాం, ముందు చేరిపో' అంటే చేరలేదు. అప్పుడు సందులో అందరికీ గొప్పగా చెప్పింది ఎల్లవ్వే. "మా కోడలు నంబరు రానిదే సూది ముట్టది!" నంబరొచ్చిన రోజు ఇల్లిల్లూ తిరిగి దూద్‌పేడాలు పంచింది కూడా ఎల్లవ్వే.

అప్పుడు ఆ మాట గొప్పగా అనిపించింది. ఇప్పుడెందుకు గుచ్చుకుంటోందో ఆమె ఆలోచించదలుచుకోలేదు.

సర్టిఫికేట్ తీసి చీర కొంగులో పెట్టుకుని సందు చివర జిరాక్సు దుకాణానికి వెళ్ళింది. ఒక కాపీ తీయించి, ఇంటికొచ్చి, అసలు కాగితాన్ని ఎక్కడిది అక్కడే, అదే మడతలో పెట్టేసింది. అసలుది ఎక్కడికీ పోలేదు కాబట్టి ఇది దొంగతనం కాదని తనకు తాను చెప్పుకుంది. రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

*

"వచ్చావా ఎల్లమ్మా! తెచ్చావా?"

డాక్టర్ రామమోహనరావు ఆమెను ఎప్పుడూ ఎల్లమ్మ అనే పిలుస్తాడు. కాకినాడ నుంచి వచ్చిన రైల్వే గుమాస్తా కొడుకు. సూరత్‌లోనే పుట్టి పెరిగినా ఇంట్లో మాట్లాడిన కోస్తా తెలుగు పోలేదు. జిరాక్సు చేతికి రాగానే ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, గండం గడిచినట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

"బంగారంలాంటి కోడలమ్మా నీకు. ఒప్పుకుందన్నమాట."

ఎల్లవ్వ పైన ఫ్యాను వైపు చూసింది.

"సరే, ఇంకొక చిన్న పని ఉంది. ఇలా కూర్చో."

ఆయన బల్ల మీద రెండు రిజిస్టర్లు పెట్టాడు. ఒకటి పాతది, అట్ట చిరిగినది. రెండోది ఆ రోజే కొన్నది, ఇంకా జిగురు వాసన పోలేదు.

"వచ్చేవాళ్ళు ఆరు నెలల కాన్పుల రిజిస్టరు చూస్తారట. పాతదాంట్లో సిస్టర్ సంతకం అన్నచోటల్లా నీ సంతకమే ఉంది, అదీ తెలుగులో. అందుకని దీంట్లోకి అంతా ఎక్కించేయ్. తేదీ, బిడ్డ బరువు, ఇచ్చిన సూదులు, అన్నీ అవే. సిస్టర్ పేరు దగ్గర మాత్రం మధులత అని రాసెయ్. ఉత్త కాపీ చేయడమే."

ఎల్లవ్వ కలం తీసుకుంది. సూదుల పేర్లు ఆమెకు చదవడం రాదు, అక్షరాల ఆకారం గుర్తు. బొమ్మ గీసినట్టు గీస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క గీత తప్పు పడలేదు.

మొదటి వరుస ఎక్కించడం మొదలుపెట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు, ఆడపిల్ల. ఆ తల్లి గుర్తొచ్చింది. మరమగ్గాల మీద పనిచేసే ఒడియా పిల్ల, భాష రాదు, నొప్పులొచ్చినప్పుడల్లా ఎల్లవ్వ చెవికమ్మ పట్టుకుని గుంజేది. చెవి వారం రోజులు వాచింది. బిడ్డ పుట్టాక ఆ పిల్ల మొట్టమొదట చేసిన పని, చెవి వైపు చూపించి సిగ్గుతో నవ్వడం.

సిస్టర్ పేరు రాసే గడి దగ్గరకు వచ్చేసరికి కలం ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఈ కాన్పు నేను చేసిన సారు."

"తెలుసు."

"మరి మధులత అని ఎట్ల రాయాలె?"

"కాగితం మీదే కదమ్మా. నీ సొమ్మేం పోతుంది?"

ఈ మాట ఎక్కడో విన్నట్టుంది అనుకుంది ఎల్లవ్వ. పొద్దున తన నోటి నుంచే విన్నది.

"ఆ పిల్ల ఆ పొద్దు ఈడ లేదు సారు. రింగ్ రోడ్డు కాడున్నది. ఈడ నేనున్న. చెవు గుంజింది నాది."

"చెవేమిటి?"

"ఏం లేదు."

డాక్టరు కళ్ళజోడు దించి పెట్టుకున్నాడు. గొంతు కూడా దిగింది. "నీకు నంబరు లేదు కదా ఎల్లమ్మా."

"నేర్పింది మీరే గద."

"నేనే. కాదన్నానా?" ఆయన పాత రిజిస్టరు చిరిగిన అట్టను వేలితో సర్దాడు. "నువ్వు వచ్చినప్పుడు నీకు ముప్పై కూడా లేవు. నిన్ను బడికి పంపి పదో తరగతి కట్టించి, నర్సింగుకు పంపి ఉండొచ్చు. అప్పట్లో మా ఆవిడ అంది కూడా. నాకే... నువ్వు వెళ్తే ఇక్కడ ఎవరు చూస్తారని పంపలేదు. నాకు సులువుగా ఉండింది. ఇప్పుడు చట్టం వచ్చి అడిగితే నా దగ్గర నువ్వున్నావు, నీ దగ్గర నంబరు లేదు. నంబరు లేని మనిషి చేత సూది వేయించినందుకు వాళ్ళు ముందు నన్ను పట్టుకుంటారు. న్యాయమే."

ఎల్లవ్వ ఆ మాటకు ఏడవాలో, కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేకపోయింది. ఇన్నేళ్ళలో ఆయన ఆమెకు చెప్పిన అతి పెద్ద మాట అదే. అది చెప్పడానికి ఇంకాస్త ముందు సమయం దొరికి ఉంటే బాగుండేది.

పొద్దున కోడలు అన్నదేమిటి? నేను లేని చోట నా పేరు ఏం చేస్తది అంది. ఇప్పుడు తన ముందున్నది దానికి తిరుగు లెక్క. నేనున్న చోట నా పేరు లేకుండా పోతే నేనేం చేసినట్టు?

లేచింది. బల్ల మీది జిరాక్సు తీసుకుని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

"ఎల్లమ్మా! అదేంటి?"

"ఇది నాది గాదు సారు. ఆమెను అడగకుండ తెచ్చిన. ఆమె ఒప్పుకోలే."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "మరి శుక్రవారం?"

"మీకు పేరు కావాలంటే మనిషిని అడుగుండ్రి. ఇంటికొచ్చి అడుగుండ్రి, మర్యాదగ. ఒట్టి పేరైతే ఆమె ఇయ్యది. మనిషే వస్తదేమో నాకు తెల్వదు."

మెట్లు దిగింది. వీధిలోకి వచ్చాక అర్థమైంది. ఇప్పుడు ఇంటికెళ్ళి ఇదంతా ఎలా చెప్పాలి?

*

సాయంత్రం మధులత వచ్చేసరికి జిరాక్సు కాగితం బల్ల మీద ఉంది. దాని మీద గాలికి ఎగరకుండా ఉప్పు డబ్బా ఉంది. పక్కన ఎల్లవ్వ కూర్చుని ఉంది. సంపత్, సోమలింగం మంచం మీద బడిపిల్లల్లా వరసగా కూర్చున్నారు.

"నీ ఫైలు తెరిచిన," అంది ఎల్లవ్వ. "జిరాక్సు తీసిన. సారుకు ఇచ్చిన."

"అమ్మా!" సంపత్ లేచి నిలబడ్డాడు. "యే క్యా కియా తూనే!"

మధులత మాత్రం అరవలేదు. చేతిసంచి కింద పెట్టి మెల్లగా అడిగింది. "ఇచ్చినంక ఏమైంది అత్తమ్మా?"

"మళ్ళ గుంజుకున్న."

"సారు చేతిలకెల్లి?"

"బల్ల మీదికెల్లి. మడతపెట్టి జాకెట్ల దోపుకున్న. ఇగ ఆయనేం అడుగుతడు?"

ముందు సోమలింగానికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి దగ్గాడు. సంపత్ గోడ వైపు తిరిగాడు గానీ భుజాలు కదులుతున్నాయి. మధులత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల పెదవులు బిగించి నవ్వాపుకుంటుంటే కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. అవి నవ్వు నీళ్ళో, ఇంకేవో ఎల్లవ్వకు తెలియలేదు.

"అడగకుండ తీసిన. తప్పే," అంది ఎల్లవ్వ.

"తప్పే అత్తమ్మా," అంది మధులత. "నేను పొద్దుగాల అన్నది గూడ తప్పే. నీ చేతుల మీద నాకు భయం గాదు..."

"భయపడాలె. కాన్పు గదిల భయం లేనోళ్ళను నేను గూడ నమ్మ. కూసో. డబ్బా ఇడిసి పోతివి, పగటికి ఏం తిన్నవ్?"

"క్యాంటీన్ల ఇడ్లీ. రబ్బరు లెక్క ఉన్నది."

"మంచిగైంది నీకు."

ఎల్లవ్వ కంచం పెట్టబోతుండగా బయట స్కూటరు ఆగింది. సంపత్ తొంగి చూసి వెనక్కి గెంతాడు. "డాక్టర్ సార్ వచ్చిండు!"

ఇరవై నాలుగేళ్ళలో డాక్టర్ రామమోహనరావు ఆ గుమ్మం ఎక్కడం అదే మొదలు. సోమలింగం ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని తువ్వాలుతో తుడిచాడు. తువ్వాలుకున్న రంగు కుర్చీకి అంటుకుంటే మళ్ళీ లుంగీతో తుడిచాడు. డాక్టరు కూర్చుని, ఛాయ్ తీసుకుని, తాగకుండా పట్టుకున్నాడు.

"అమ్మా మధులతా, నీ కాగితం అడిగినందుకు ముందు నన్ను క్షమించు. పేరు వద్దు. నువ్వే వచ్చేయ్. పగటి డ్యూటీకి ఇంచార్జి సిస్టరువి. నియామక పత్రం ఇస్తాను. రాత్రికి ఇంకో నంబరున్న అమ్మాయిని వెతుకుతాను. ఇల్లు పక్కనే, బస్సు ఎక్కే పని లేదు."

మధులత అత్త వైపు చూసింది. ఎల్లవ్వ తనకేమీ పట్టనట్టు నిలబడింది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"అక్కడ నెల నోటీసు ఇయ్యాలె సార్. అప్పటిదాక నా పేరు ఎక్కడా రాయొద్దు. శుక్రవారం వచ్చేటోళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నర్సులను తీసుకుంటున్నం, గడువు ఇయ్యండని దరఖాస్తు పెట్టండి. అప్పటిదాక కాన్పులను పెద్ద దవాఖానకు పంపండి."

డాక్టరు తల ఊపాడు. ఆ ఊపులో బాధ ఉంది, కానీ వాదన లేదు.

"ఇంకొక్కటి ఉన్నది." మధులత గొంతు సన్నబడింది. "ఇది మీకు గాదు సార్, అత్తమ్మకు. రేపటి సంది అత్తమ్మ సూది పట్టొద్దు. నేనొచ్చినంక గూడ. తల్లుల దగ్గర ఉండుడు, పట్టుకునుడు, ధైర్యం చెప్పుడు, బిడ్డకు స్నానం, అన్నీ అత్తమ్మవే. సూది మాత్రం వద్దు."

సంపత్ పైకప్పు చూశాడు. సోమలింగం తన ఆకుపచ్చ గోళ్ళు చూసుకున్నాడు.

ఎల్లవ్వ తన కుడి చెయ్యి చూసుకుంది. ఎన్నివేల సూదులు! పిల్లలకు నొప్పి తెలియకుండా వేస్తుందని దూరాన ఉన్న కామ్‌రేజ్ నుంచి కూడా ఆమెను అడుగుతూ వచ్చేవాళ్ళు. ఇక ఈ చెయ్యి బిడ్డలకు నీళ్ళు పోస్తుంది. అదేమంత తక్కువ పని కాదు, ఆమెకు తెలుసు. అయినా ఆ చేతిని కొంగులో చుట్టేసుకుంది.

"పట్ట," అంది చివరికి. "దవాఖానల నువ్వు సిస్టర్‌వి, నేను ఆయాను. అందరి ముంగట సిస్టర్ అనే పిలుస్త, పేరు పెట్టి పిలువ. కానీ నాకు గూడ ఒక్క షరతు ఉన్నది సారు."

"చెప్పమ్మా."

"శుక్రవారం వాళ్ళకు చూపెట్టే పనోళ్ళ పట్టీల నా పేరుండాలె. ఆయా అనే రాయుండ్రి. కానీ ఎల్లవ్వ అని రాయుండ్రి. మీ దవాఖాన కాగితాలల్ల ఒక్క దాంట్ల గూడ ఇప్పటిదాక నా పేరు లేదు. సంతకం తప్ప."

డాక్టరు ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. సంచిలోంచి సిబ్బంది పట్టిక ఫారం తీసి మోకాలి మీద పరిచాడు. కలం తీసి, రాయబోయి, తల ఎత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎల్లమ్మా... నీ ఇంటి పేరేంటి?"

"అడ్డగట్ల," అంది ఎల్లవ్వ. "అడ్డగట్ల ఎల్లవ్వ."

ఆయన ఒక్కో అక్షరం జాగ్రత్తగా రాశాడు. హోదా గడిలో ఆయా అని రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగాడు. అది ఏ తేదీ నుంచి పనిచేస్తున్నారన్న గడి.

"భూకంపం వచ్చిన ఏడు," అంది ఎల్లవ్వ ఉత్సాహంగా. "రెండువేల ఒకటి. శ్రావణం."

కలం కదల్లేదు. మధులత ఒక అడుగు ముందుకు వచ్చింది.

"అత్తమ్మా," అంది చిన్నగా, "ఇయ్యాల్టి తేదీ వెయ్యనియ్యి."

"ఎందుకు?"

"అప్పటి సంది అని రాస్తే ఆరు నెలలతోని ఆగరు, పాత రిజిస్టర్లన్నీ తియ్యమంటరు. అండ్ల సూదుల కాడ సంతకాలన్నీ నీయే. సారును అడుగుతరు, నిన్ను గూడ అడుగుతరు. కొత్తగ చేరినవంటే ఆ తెలుగు సంతకం నీదని ఎవ్వరికీ తెల్వదు."

ఎల్లవ్వ కోడలి మొహంలోకి చూసింది. మూడు రోజులు చపాతీ, అన్నం తప్ప మాట లేకుండా పోట్లాడిన మొహం. ఇప్పుడు దాన్నిండా బెదురే. ఈసారి ఆ భయం ఎవరి కోసమో ఎల్లవ్వకు స్పష్టంగా కనిపించింది. కడుపు నిండినట్టయింది.

"లేనిది రాయొద్దని గదనే బిడ్డా, నువ్వు మూడొద్దుల సంది నాతోని కొట్లాడింది?" అని పెద్దగా నవ్వింది. "ఇప్పుడు నాకు అదే మంచిగనిపిస్తున్నది. రాయుండ్రి సారు. రెండువేల ఒకటి."

డాక్టరు కోడలి వైపు చూశాడు. మధులత వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఎల్లవ్వ వంగి, ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపించింది.

కలం కాగితానికి అంగుళం ఎత్తులోనే ఉండిపోయింది.